వంటింటి గోడ మీది గిటారు

అమెరికాలో వాషింగ్టన్ పక్కనే చెవీ ఛేజ్ అనే ఊరు. అక్కడి ఓ ఇంట్లో వంటగది గోడకు గిటారు వేలాడుతుండేది. ఇంటాయన చార్లెస్ సీగర్ సంగీత పండితుడు. ఆయన భార్య రూత్ పేరున్న స్వరకర్త. పిల్లలు కూడా పాటలూ వాయిద్యాలతోనే పెరిగారు. ఒకరోజు వంటింట్లోంచి గిటారు వినబడితే కూతురు పెగ్గీ వెళ్లి చూసింది. వాయిస్తున్నది ఎవరనుకున్నారు? ఇంట్లో వంటా పనీ చేసే ఆవిడ! అరవై ఏళ్లకు దగ్గరపడిన నల్లజాతి మహిళ. ఆమెకు గిటారు వచ్చన్న సంగతి అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆమె పేరు ఎలిజబెత్ కాటన్. ఆ పేరు కూడా తనకు తాను పెట్టుకున్నదే. ఇంట్లో అందరూ 'చిట్టి చెల్లి' అన్న అర్థంలో పిలిచేవారు. బడిలో టీచరు పేరడిగితే అప్పటికప్పుడు 'ఎలిజబెత్' అని చెప్పేసిందట.

మూడు డాలర్ల డెబ్భై ఐదు సెంట్లు

పుట్టింది 1893లో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని కార్‌బరోలో. అన్న పనికి వెళ్లగానే అతని బాంజోను దొంగతనంగా తీసి వాయించేది. తీగ తెగితే ఎక్కడిదక్కడ పెట్టేసి దాక్కునేది. తొమ్మిదేళ్లు వచ్చేసరికి చదువు ఆగింది, ఇళ్లలో పని మొదలైంది. జీతం నెలకు 75 సెంట్లు. అందులోంచే కూడబెట్టి 3.75 డాలర్లకు సొంత గిటారు కొనుక్కుంది. అంటే అయిదు నెలల జీతం!

ఆమెది పుర్రచెయ్యి వాటం. గిటారేమో కుడిచేతి వాళ్లకోసం చేసినది. తీగలు మార్చుకోకుండా దాన్నే తలకిందులుగా పట్టుకుని వాయించింది. మామూలుగా లావు తీగల మీద బొటనవేలు తాళం వేస్తుంటే, మిగతా వేళ్లు సన్న తీగల మీద రాగం పలికిస్తాయి. ఈమెకు అంతా అటుదిటు. తాళం వేళ్లది, రాగం బొటనవేలిది. నేర్పేవాళ్లు లేక పడిన ఆ అలవాటుకే తర్వాత 'కాటన్ పికింగ్' అని పేరొచ్చింది. గిటారు నేర్చుకునేవాళ్లు ఇప్పటికీ దాన్ని సాధన చేస్తూనే ఉన్నారు.

ఇంటి దగ్గర్లోనే రైలు పట్టాలు. వచ్చేపోయే గూడ్సు బండ్లను చూస్తూ పదకొండు, పన్నెండేళ్ల వయసులో 'ఫ్రైట్ ట్రైన్' అనే పాట కట్టింది. ఆ తర్వాత పెళ్లి, కూతురు. చర్చి పెద్దలు అలాంటి పాటలు వద్దన్నారు. గిటారు మూలన పడింది. ఒకటీ రెండూ కాదు, పాతికేళ్లకు పైగా!

భర్తతో విడిపోయాక వాషింగ్టన్‌లో కూతురి దగ్గరికి చేరింది. క్రిస్మస్ ముందు ఓ పెద్ద దుకాణంలో బొమ్మల విభాగంలో పనిచేస్తుండగా ఒక చిన్నపిల్ల తప్పిపోయి ఏడుస్తోంది. తల్లి దగ్గరికి చేర్చింది. ఆ పిల్లే పెగ్గీ సీగర్. అలా ఆ ఇంట్లో పని దొరికింది. కువైట్‌లో ఇంటిపనికి వెళ్లిన మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్లకు తెలుసు, చాలాచోట్ల పేరెవరూ పలకరు, 'ఖద్దామా' అన్న పిలుపే. సీగర్ పిల్లలు మాత్రం ఆమెను ముద్దుగా 'లిబ్బా' అన్నారు. లోకానికి మిగిలింది ఆ పేరే.

పాట ఒకరిది, పేరు ఇంకొకరిది

పెగ్గీ పెద్దయ్యాక ఇంగ్లండ్ వెళ్లి ఈ పాట పాడింది. విన్నవాళ్లలో ఇద్దరు అది తమ రచనేనని రాయించేసుకున్నారు. 1957లో చాస్ మెక్‌డెవిట్ బృందం పాడిన రికార్డు బ్రిటన్‌లో అయిదో స్థానం దాకా ఎక్కింది. పాట కట్టిన మనిషి అప్పటికీ వాషింగ్టన్‌లో ఇళ్లు ఊడుస్తోంది, గిన్నెలు కడుగుతోంది. సీగర్ కుటుంబం ఆమె తరఫున నిలబడింది. చాలా పెనుగులాట తర్వాతే పాట మీదికి ఆమె పేరూ వచ్చింది. ఆ మాటా చెప్పుకోవాలి, వెనకేసుకొచ్చే మనుషులు దొరకడం ఆమె అదృష్టం. అందరికీ దొరకరు.

పెగ్గీ అన్న మైక్ టేపు రికార్డరు పట్టుకుని ఆమె ఇంటికే వెళ్లి పాటలు రికార్డు చేశాడు. 1958లో ఫోక్‌వేస్ సంస్థ మొదటి ఆల్బం తెచ్చింది. అప్పటికి ఆమె వయసు అరవై అయిదు. కచేరీలు మొదలయ్యాయి, పేరొచ్చింది. అయినా ఇంటిపని వెంటనే మానలేదు. మరి పాటతో నెల గడవొద్దూ?

పాటల సంపాదనతోనే చివరికి న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూజ్‌లో సొంత ఇల్లు కొనుక్కుని, 1978లో అక్కడికి మారింది. 1984లో అమెరికా ప్రభుత్వం జానపద కళాకారులకిచ్చే జాతీయ వారసత్వ ఫెలోషిప్ వచ్చింది. తొంభై దాటాక గ్రామీ అవార్డు! 1987 జూన్ 29న కన్నుమూసింది. 2022లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోనూ ఆమెను చేర్చారు.

కార్‌బరోలో ఇప్పుడు రైలు పట్టాల వెంబడే సైకిళ్ల బాట ఒకటుంది. దానికి పెట్టిన పేరు లిబ్బా కాటన్ బాట.