మరుగుజ్జు కుందేలు: ప్రదర్శన వెనుక ఉన్న జన్యు లెక్క

నెదర్లాండ్ డ్వార్ఫ్ జాతి కుందేలు బరువు అమెరికా ప్రదర్శన ప్రమాణాల ప్రకారం 1.13 కిలోలు మించరాదు. గుండ్రని తల, పెద్ద కళ్ళు, సుమారు 5 సెం.మీ. పొడవుతో నిటారుగా నిలిచే చెవులు దీని లక్షణాలు. చిన్న తెల్ల కుందేళ్ళను అడవి కుందేళ్ళతో సంకరపరచి హాలండులో ఈ జాతిని రూపొందించారు. తొలితరాలలో కనిపించిన బెదురు తగ్గినప్పటికీ చురుకుదనం నేటికీ నిలిచి ఉన్నది. అమెరికా పెంపకందారుల సంఘం దీనిని 1969లో గుర్తించింది.

అయితే బహుమతి పొందే కుందేలు దాదాపు ఎల్లప్పుడూ విషమయుగ్మజమే. అనగా దానిలో మరుగుజ్జు జన్యువు ఒకటి, సాధారణ జన్యువు ఒకటి ఉంటాయి. హెచ్.ఎం.జి.ఎ.2 అనే జన్యువులో సుమారు 12 వేల క్షారయుగ్మాల భాగం లోపించుటయే ఈ మరుగుజ్జుతనానికి కారణమని 2017లో వెల్లడైంది. రెండు మరుగుజ్జు జన్యువులు పొందిన పిల్ల వేరుసెనగ గింజంత ముడుచుకొని పుట్టి, కొద్ది రోజులలోనే మరణిస్తుంది. సంకర మొక్కజొన్న గింజలను దాచి మరల విత్తిన రైతుకు ఎదురయ్యే చిక్కు వంటిదే ఇది; ఇక్కడ నష్టపోయేది ప్రాణం.

మరుగుజ్జు జంటను కలిపినచో సగటున ప్రతి నలుగురు పిల్లలలో ఒకటి మరణిస్తుంది, రెండు మరుగుజ్జులు, ఒకటి సాధారణమైనది. మరుగుజ్జు మగదానిని సాధారణ జన్యువులు గల ఆడ కుందేలుతో కలిపినచో రెండు మరుగుజ్జులు, రెండు సాధారణమైనవి. ఈ జన్యువు వలన మరణించేది ఒక్కటీ ఉండదు. ప్రదర్శనకు తగిన పిల్లల నిష్పత్తి రెండింటా సగమే! అయినను బరువు ఎక్కువైనదని ఆ ఆడదానినే చాలామంది తొలగించుచున్నారు. పెద్ద శరీరం గలది కనుక ఈనుట కూడా దానికి సులభం. తల ఆకృతి, చెవుల పొడవు చూసి ఎంపిక చేసినచో జాతి లక్షణాలు చెడవు.

పొట్టి తల వలన పై, క్రింది పళ్ళు సరిగా కలవకపోవుట ఈ జాతిలో తరచు కనిపించే లోపం. అట్టి కుందేలును ప్రదర్శనలో అనర్హంగా ప్రకటిస్తారు. పళ్ళు జీవితాంతం పెరుగుతాయి కనుక దాణా కన్న ఎండుగడ్డియే ప్రధానాహారం కావలెను. 30 డిగ్రీలు దాటిన వేడిని కుందేలు సహించలేదు. చెమట పట్టదు, వేడిని ప్రధానంగా చెవుల ద్వారా వెలువరించవలెను. ఈ జాతి చెవులు చిన్నవి. రాయలసీమ వేసవిలో వీటిని రేకుల కప్పు క్రింద ఉంచుట ప్రాణాంతకం.

పుట్టిన పిల్లలతోపాటు మరణించిన వాటి సంఖ్యను, తల్లిదండ్రుల వివరాలను రిజిస్టరులో వ్రాసినచో ఏ జంటను మరల కలుపరాదో రెండు మూడు ఈతలలోనే తెలియగలదు.