తెరమీఁది రంగులు కాగితముమీఁద

విద్యార్థులు కంప్యూటరుమీఁద గీచిన చిత్రములను, తలిదండ్రులు దాఁచుకొనఁదలఁచిన ఛాయాచిత్రములను అచ్చు వేయింపఁగా, తెరమీఁద తళతళ మెఱసిన చిలుకపచ్చ కాగితముమీఁద పాచిరంగుగా మాఱుట పెక్కుమంది చూచియే యుందురు. చెట్టు రంగు చెడినను సహింపవచ్చును గాని, తాతగారి ముఖము నలుపెక్కిన నెవరు సహింతురు? దోషమంతయు యంత్రముదే యని తలఁచి, సిరా డబ్బాలు మార్చి మార్చి ధనము వ్యయము చేసికొనువారిని మే మెఱుఁగుదుము.

తెర స్వయముగా వెలుఁగునది. ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూఁడు వెలుఁగులను హెచ్చుతగ్గులుగాఁ గలిపి యది రంగులను పుట్టించును. మూఁడును నిండుగాఁ గలిసిన తెలుపగును. కాగితమునకు సొంత వెలుఁగు లేదు. దానిమీఁది సిరా గదిలోని వెలుతురును గొంత మ్రింగి, మిగిలినదానిని మన కంటికిఁ బంపును. సయాను సిరా యెఱుపును, మజెంటా ఆకుపచ్చను, పసుపు నీలమును హరించును. ఈ మూఁటిని గలిపినను నిక్కమైన నలుపు రాక మడ్డిరంగు వచ్చును గాన, నల్లసిరాను వేఱుగా నుంచిరి. తెర చూపఁగల మిక్కిలి ప్రకాశమైన పచ్చలు, నీలములు కొన్ని యీ సిరాలకు సాధ్యములు కావు. వానికై విచారించి ఫలము లేదు.

మిగిలినవానిని సరిగా రప్పించుట కుపాయము కలదు. కంటికిఁ దోఁచు రంగులను సంఖ్యలతో నిర్ణయించు పద్ధతి 1931లో ఏర్పడినది. దాని నాధారముగాఁ గొని, 1993లో స్థాపింపఁబడిన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియము ‘ప్రొఫైలు’ అను వర్ణపట్టికకు ఒక సామాన్యరూపము నేర్పఱచినది. తెరకొక పట్టిక, సిరాకును కాగితమునకును గలిపి యొక పట్టిక యుండును. ఇవి దుబాసీలవంటివి: తెర చెప్పు ‘ఎఱుపు’ను కాగితమునకుఁ దెలియు మాటలోనికి మార్చును. ఒకే యంత్రమైనను నున్నని కాగితమునకు వేఱు పట్టిక, గరుకు కాగితమునకు వేఱు పట్టిక కావలెను. ఈ మార్పును చిత్రములు దిద్దు ప్రోగ్రామైనను చేయవలెను, ప్రింటరు డ్రైవరైనను చేయవలెను. ఇద్దఱును జేసిన రంగు రెండుమాఱులు మాఱి చెడును.

ఇఁక తాతగారి ముఖము. అది నల్లఁబడుటకు సామాన్యకారణము తెరకాంతి మితిమీఱి యుండుటయే. అట్టి తెరమీఁద నీడలుకూడ వెలుఁగుగాఁ దోఁచును. చిత్రమును దిద్దువారు మోసపోదురు. కాంతిని దగ్గించి, వీలైనచోఁ గొలుచు పరికరముతో తెరను సరిచేయవలెను. అచ్చయిన కాగితమును ఆఱనిచ్చి, పగటివెలుతురులోఁ జూడవలెను. పసుపుపచ్చని దీపముక్రింద ఏ రంగును నిజము చెప్పదు. పెద్ద పటము వేయుటకు ముందు, ముఖమున్న చిన్న తునకను అదే కాగితముమీఁద వేసి చూచిన, కాగితమును సిరాయును మిగులును.