'అంపన్': ఒక అన్యదేశ్య పదం పుట్టుక

గత భాగంలో మీరు అన్యదేశ్యాలను గురించి చదివారు. ఒక పదం ఏ భాష నుంచి వచ్చిందో నిర్ణయించడానికి ఉచ్చారణలో పోలిక ఒక్కటే చాలదు. జపానులో తీపి బన్నుకున్న పేరు 'అంపన్'ను తీసుకొని ఈ విషయాన్ని పరిశీలిద్దాం.

ఈ పేరులో రెండు పదాలున్నాయి: అన్ + పన్. పకారానికి ముందున్న నకారం పలుకుబడిలో మకారమైంది. 'అన్' అంటే అజుకి అనే ఎర్రని గింజలను ఉడికించి, చక్కెర కలిపి చేసే ముద్ద. మన బొబ్బట్లలోని పూర్ణం వంటిది. ఈ మాట చైనా భాష నుంచి వచ్చింది. 'పన్' అంటే రొట్టె.

మరి 'పన్' ఎక్కడిది? స్పానిష్‌లోనూ రొట్టెను 'పన్' అనే అంటారు. అందుచేత అది స్పానిష్ పదమనిపిస్తుంది. కాని చరిత్ర మరో దారి చూపుతుంది. 1543లో తానెగషిమా దీవికి చేరినవారు పోర్చుగీసువారు. స్పెయిన్ వారు ఆ తరవాత వచ్చారు. పోర్చుగీసులో రొట్టె 'పాఁవ్'. చివరి అచ్చును ముక్కుతో పలుకుతారు. ఆ అనునాసికం జపాను భాషలో 'న్' అయింది. చొక్కా బొత్తాన్ని జపానువారు 'బొతన్' అంటారు. అదీ పోర్చుగీసు నుంచి ఇదే మార్పుతో వచ్చింది. మన 'బొత్తాం' కూడా ఆ పదమే. గోవా, ముంబయిలలో మాత్రం రొట్టె పేరులోని అనునాసికం పోయి 'పావ్' మిగిలింది. అంటే మనం తినే పావ్ భాజీలోని 'పావ్', అంపన్‌లోని 'పన్' తోబుట్టువులే.

పదం వచ్చినప్పుడే తీపి బన్ను రాలేదని గమనించండి. 1639లో పోర్చుగీసు ఓడలను జపాను నిషేధించింది. ఓడలు ఆగినా మాట నిలిచింది. 1874లో టోక్యోలోని గింజా ప్రాంతంలో కిమురా యసుబేయి అనే రొట్టెల వ్యాపారి, బియ్యంతో చేసే 'సాకే' మద్యానికి వాడే పులుపుతో పిండిని పొంగించి, లోపల 'అన్' పెట్టి అమ్మాడు. మరుసటి ఏడు అది మెయిజీ చక్రవర్తికి నివేదన అయింది. 'పన్' 16వ శతాబ్దపు పదం. 'అంపన్' 19వ శతాబ్దపు మిశ్ర సమాసం, మన 'రైలుబండి' వలె.

కనుక వ్యుత్పత్తి రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పదాన్ని ఎవరు, ఎప్పుడు తెచ్చారు? ధ్వని ఏ క్రమంలో మారింది? అదే మార్పు మరో పదంలో కనిపిస్తున్నదా?

అభ్యాసం: 'మేస్త్రీ', 'పాదిరి' పదాలను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించండి.