వీధి అరుగు మీద సిపాయి కథ

సెలవులొచ్చాయంటే చాలు, పిల్లల అల్లరితో మీకు తల ప్రాణం తోకకొస్తుంది కదూ? ఈసారి వాళ్ళందర్నీ పోగుచేసి ఓ కథ ఆడించండి. రాముడి కథో, కృష్ణుడి కథో కాదు. మన విశాఖ కథ, యుద్ధానికి వెళ్ళిన కుర్రాళ్ళ కథ!

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం పిల్లాజెల్లాతో పల్లెలకి పరుగులు తీశారు. ఆనాటి బాంబు ఒకటి బీచిరోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. ముందుగా పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళండి.

ఆ తర్వాత వీధిలోని పెద్దవాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. 1942లో పదేళ్ళున్నవాళ్ళకి ఇప్పుడు తొంభై దాటాయి. ఇప్పుడు అడక్కపోతే ఇంకెప్పుడు అడుగుతాం? అంత పెద్దవాళ్ళు లేకపోతే, 1971 యుద్ధంలో దీపాలు ఆర్పేసుకుని గడిపిన రాత్రుల గురించి చెప్పేవాళ్ళు ఉంటారు.

రెండో ప్రపంచ యుద్ధానికి మన దేశంనుంచి సుమారు 25 లక్షలమంది వెళ్ళారు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరంనుంచే వెయ్యిమందికి పైగా వెళ్ళారని చెబుతారు. అందుకే దాన్ని మిలటరీ మాధవరం అంటారు. అందరూ వీరావేశంతోనే వెళ్ళలేదు. ఇల్లు గడవక, నెలనెలా మనియార్డరు పంపొచ్చని వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. పిల్లలకి ఆ మాట దాచకండి.

ఇక కథ ఎలా ఆడాలంటారా? బుర్రకథ చాలా తేలిక. ముగ్గురుంటే చాలు. ఒకరు కథ చెబుతారు, ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. 1943లో మొదలైన ప్రజా నాట్యమండలి బుర్రకథని ఊరూరా తిప్పింది. తంబురా లేకపోతే అట్టముక్కతో చేసుకోవచ్చు. మీ పాత రేకు పెట్టె సిపాయి పెట్టె అవుతుంది.

తుపాకులు పట్టుకుని ఢాం ఢాం అనడమే యుద్ధమనుకుంటారు పిల్లలు. అక్కడే మీరు కాస్త సర్దిచెప్పాలి. ఆ రోజుల్లో సిపాయి ఉత్తరాలు సెన్సారయ్యేవి. ఎక్కడున్నాడో రాస్తే కొట్టేసేవారు. చదువురాని తల్లి ఆ ఉత్తరాన్ని పోస్టుమాన్‌చేత చదివించుకుని, "మావాడు ఏ ఊళ్ళో ఉన్నాడు బాబూ?" అని అడుగుతుంది. పోస్టుమాన్ ఏం చెబుతాడు? ఆ ఒక్క ఘట్టం చాలు, వీధంతా నిశ్శబ్దమైపోతుంది.

ఒక్క జాగ్రత్త. ఎవరింట్లోనైనా యుద్ధానికి వెళ్ళి తిరిగిరానివాళ్ళుంటే, ఇంటివాళ్ళని అడక్కుండా ఆ కథ ఎత్తుకోవద్దు. ఒప్పుకుంటే మాత్రం ముందు వరుసలో కుర్చీ వాళ్ళకే వేయండి.

"రిహార్సళ్ళకి రోజూ పకోడీలు ఎవరు వేస్తారమ్మా?" అంటారా? మరమరాలు, వేయించిన శనగపప్పు కలిపి పెట్టండి, చాలు. మిగతాది పిల్లలే చూసుకుంటారు!