ఇంటి వాకిట మొలచిన సంఘము

క్రైస్తవసంఘము తొలుత నెక్కడ మొలచెనని యడిగినచో పలువురు గొప్ప దేవాలయములను జూపుదురు. అపొస్తలుల కార్యములు చదివిన మాకు తోచినది వేఱు. యెరూషలేమున మార్కు తల్లియగు మరియ యింటనే విశ్వాసులు కూడి ప్రార్థించిరి. ఫిలిప్పీపట్టణమున ఊదాపొడి యమ్ము లూదియ తన గృహమున బోధకులకు ఆతిథ్యమిచ్చెను.

మన కృష్ణాసీమ కథయు నిట్టిదే. 1841లో ఫాక్సు, నోబిలు దొరలు బందరునకు వచ్చిరి. 1843లో నోబిలుగారు పాఠశాల నెలకొల్పి, ముఖ్యముగా పెద్దకులముల బాలురకు విద్య గఱపిరి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మము పొందగనే బడి యించుమించు శూన్యమయ్యెను. పంతులుగారి యింటివారము గనుక ఖాళీబల్లల దుఃఖము మే మెఱుగుదుము.

దారి మఱియొకచోట తెఱచుకొనెను. రాఘవపురపు మాలపల్లెలో వెంకయ్యగారు, దేవుడెవరో తనకు దెలియజేయుమని తానే ప్రార్థించుచుండెడివారు. 1859లో బెజవాడ చేరి, డార్లింగు దొరను గలిసికొని, తనవారితోగూడ బాప్తిస్మము పొందిరి. అటుపిమ్మట నా మతము చుట్టఱికముల వెంట పల్లెనుండి పల్లెకు సాగెను. పుట్టిండ్లకు, అత్తవారిండ్లకు రాకపోకలు చేయు స్త్రీలు లేక అది యెట్లు సాగును? 1912లో అజరయ్యగారు దోర్నకల్లు బిషప్పగునాటికి ఇట్టి పల్లెసంఘము లనేకము లుండెను.

మైలవరమున మా యింట పనిచేయు నామె కూతురు పలకతో వచ్చినపుడు మేమును మెట్టు క్రిందనే కూర్చుండబెట్టితిమి. ఈ చరిత్ర చదివిన సాయంకాలము లోనికి బిలిచితిమి. చాపమీద మా యమ్మాయి కొంచెము జరిగి చోటిచ్చెను.