చేతికి తెలియని వేల వోల్టులు

లాప్‌టాప్‌లో ఖాళీగా ఉన్న స్లాట్‌లో రెండో ఎస్‌ఎస్‌డీని ఇంట్లోనే బిగించుకోవచ్చా? మండు వేసవిలో ప్రమాదమా? సిరొంచ నుంచి ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది. నిక్షేపంగా బిగించుకోవచ్చు. స్లాట్ సాటాదా, ఎన్‌వీఎంఈదా, ఎంత పొడవు డ్రైవ్ పడుతుంది అన్నవి మాన్యువల్‌లో చూసుకుంటే మిగిలేది ఒక్క స్క్రూ పని. వేసవి సంగతే అసలైన ప్రశ్న.

భయం ఎండతో కాదు, పొడిగాలితో. గాలిలో తేమ ఉంటే వస్తువుల మీద కంటికి కనిపించని నీటి పొర చేరుతుంది. రాపిడితో పుట్టిన స్థిర విద్యుత్తు దాని మీదుగా జారిపోతుంది. ప్రాణహిత పొంగే వానాకాలంలో ఈ బెడద తక్కువే. గడచిరోలి అడవులు ఆకురాల్చి వడగాలి కొట్టే రోజుల్లో మాత్రం ఆ పొర ఉండదు. పాలిస్టర్ చొక్కాతో ప్లాస్టిక్ కుర్చీలోంచి లేస్తే చాలు, ఒంటి మీద వేల వోల్టులు చేరగలవు.

చేతికి చురుక్కుమనాలంటే దాదాపు 3,000 వోల్టులు కావాలి. చిప్‌ల పరీక్షల్లో మనిషిని 100 పికోఫారడ్ల కెపాసిటర్‌గా, 1,500 ఓమ్‌ల నిరోధంగా లెక్కిస్తారు. భాగించి చూడండి, తొలి క్షణంలో రెండు ఆంపియర్లు! నానోసెకన్లలో ముగుస్తుంది కాబట్టి మనకేమీ కాదు. చిప్ సంగతి వేరు. దాని ట్రాన్సిస్టర్ గేటు కింద ఉండే బంధక పొర మందం కొన్ని నానోమీటర్లే. నానోమీటరుకు సుమారు ఒక వోల్టు పడితే అది చిల్లులు పడుతుంది. రక్షణ డయోడ్లు ఉంటాయి, కానీ వాటికీ హద్దుంది. ‘స్పార్క్ కొట్టలేదుగా, ఏం కాదులే’ అనే మెకానిక్‌ల ధీమా తప్పేది ఇక్కడే. సగం దెబ్బతిన్న చిప్ ఆ రోజు పనిచేసి, నెలల తర్వాత మొరాయించవచ్చు.

అద్భుతం ఏమిటంటే, ఎస్‌ఎస్‌డీ మన ఫైళ్లను దాచేది కూడా ఇలాంటి నిలవ విద్యుత్తు రూపంలోనే! 1987లో తోషిబాకు చెందిన ఫుజియో మసువొకా బృందం ప్రకటించిన నాండ్ ఫ్లాష్‌లో, సుమారు 20 వోల్టులు పెట్టగానే ఎలక్ట్రాన్లు బంధక పొరను చీల్చకుండానే దాటి అవతల చిక్కుకుంటాయి. దీన్నే క్వాంటమ్ టన్నెలింగ్ అంటారు. కరెంటు తీసేసినా అవి అక్కడే ఉంటాయి.

ఇక బిగించే పద్ధతి. లాప్‌టాప్ షట్‌డౌన్ చేసి చార్జర్ పీకండి. ఎర్త్ కోసం చార్జర్ ఉంచాలనే సలహా వినొద్దు, కరెంటున్న బోర్డు మీద స్క్రూ జారితే అంతే. మూత తీశాక బ్యాటరీ కనెక్టర్ విప్పి, లోపలి లోహపు ఫ్రేమును ఒట్టి చేత్తో తాకి, ఆ తర్వాతే డ్రైవ్ కవరు తెరవండి. అంచులు పట్టుకుని ఏటవాలుగా దూర్చి, కిందికి వాల్చి స్క్రూ బిగించండి. పాత డ్రైవ్‌లోని ఫైళ్లను మాత్రం ఇదంతా మొదలుపెట్టకముందే వేరేచోట కాపీ చేసుకోండి.