‘గొడ్రాలు’ నుంచి ‘సంతానలేమి’ దాకా: సంతాన చికిత్సా పదజాలంలో స్త్రీపురుషుల స్థానం (చీమకుర్తి ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:

పిల్లలు కలగకపోవడం దంపతులిద్దరికీ సంబంధించిన స్థితి అని వైద్యమూ చట్టమూ చెబుతున్నాయి. తెలుగు వ్యవహారం మాత్రం ఆ స్థితికి స్త్రీ పేరే పెట్టింది. పురుషుడి విషయంలో వాడే మాటలు సంతానోత్పత్తిని కాక పుంసత్వాన్ని సూచిస్తాయి. ఈ భాషాస్థితి సంతాన చికిత్సను ఎలా ప్రభావితం చేస్తుందో చీమకుర్తి ప్రాంత నేపథ్యంలో వివరించడం, సరైన తెలుగు పరిభాష అవసరాన్ని తెలియజేయడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సంతానలేమి, గొడ్రాలు, బీజక్షేత్ర భావన, సంతాన సాఫల్యం, పరిభాష.

1. ఉపోద్ఘాతం:

ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి పేరు చెప్పగానే బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ గుర్తుకు వస్తుంది. ఒకవైపు రాతి క్వారీలు, మరోవైపు శనగ, పొగాకు, మిర్చి, పత్తి పండే పొలాలు ఈ ప్రాంత జీవనానికి ఆధారం. పెళ్లయి ఏడాది తిరిగేసరికి ఇక్కడి కోడలికి ఎదురయ్యే ప్రశ్న తెలుగునాట అంతటా వినిపించేదే: “ఏమైనా విశేషమా?” ఈ ప్రశ్న భర్తను అడిగేవారు అరుదు. రెండో ఏడాదికి అది సలహా అవుతుంది, మూడో ఏడాదికి నిందగా మారుతుంది. అప్పుడు మొదలయ్యే ప్రయాణం మొదట సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఒంగోలుకు, అక్కడ ఫలితం లేకపోతే గుంటూరుకో మరో నగరానికో సాగుతుంది. ఆ దారిలో తొలి పరీక్ష ఎవరికి జరగాలన్నది వైద్యుడి గదిలో కంటే ముందే ఇంటి మాటల్లో నిర్ణయమైపోతుంది. అందువల్ల ఈ మాటల పరిశీలన కేవలం భాషాశాస్త్ర విషయంగా మిగలదు.

2. వ్యవహారంలోని మాటలు:

గర్భధారణను సూచించే తెలుగు నుడికారం సంపన్నమైనది. నెల తప్పడం, నీళ్లోసుకోవడం, కడుపు పండడం, కడుపు నిలవడం వంటి ప్రయోగాలన్నీ సున్నితమైనవి. వీటిలో ‘పండడం’ సేద్యం నుంచి వచ్చింది. గర్భం రాని స్థితికి వచ్చేసరికి ఈ సున్నితత్వం కనిపించదు. ‘గొడ్డు’ అనే విశేషణం ఫలించని చెట్టుకూ, ఈనని పశువుకూ వర్తిస్తుంది. కూర, పచ్చడి లేకుండా ఉత్త కారంతో తినే తిండిని ‘గొడ్డుకారం’ అంటారు. ఇక్కడ ఆ మాటకు ‘తోడు మరేమీ లేని’ అని అర్థం. ఇదే విశేషణం స్త్రీకి చేరి ‘గొడ్డురాలు’, ‘గొడ్రాలు’ అయింది. సంస్కృతం నుంచి వచ్చిన ‘వంధ్య’ కూడా స్త్రీవాచకంగానే స్థిరపడింది.

గొడ్రాలు అన్నది రోగం పేరు కాదు, మనిషి పేరు. జ్వరం వచ్చినవారిని జ్వరపడ్డారంటారు, తగ్గాక ఆ మాట పోతుంది. గొడ్రాలు అన్న మాట మాత్రం మనిషికే అంటుకుంటుంది. పలు కుటుంబాల్లో సీమంతం, పేరంటం వంటి సందర్భాల్లో పిల్లలు లేని స్త్రీని ముందుకు రానీయకపోవడం ఈ నామకరణానికి ఆచరణరూపం.

3. పురుషుడికి పేరు లేకపోవడం:

గొడ్రాలికి సమానమైన పుంలింగ రూపం తెలుగు వ్యవహారంలో లేదు. ‘అనపత్యుడు’, ‘అపుత్రకుడు’ గ్రంథస్థమైన మాటలు. అవి సంతానం లేదన్న వాస్తవాన్ని చెబుతాయే తప్ప లోపాన్ని అతని శరీరానికి ఆపాదించవు. వ్యవహారంలో ఉన్న ‘నపుంసకుడు’, ‘మగతనం లేనివాడు’ అనేవి తిట్లు. పైగా అవి లైంగిక సామర్థ్యాన్ని గురించినవి. శుక్రకణాల సంఖ్య, కదలిక తక్కువగా ఉన్న పురుషుడికి లైంగిక సామర్థ్యంలో ఏ లోపమూ లేకపోవచ్చు. ఈ రెండు స్థితులనూ వేరుచేసే మాట లేనందువల్ల శుక్రపరీక్ష పుంసత్వానికి పరీక్షగా తోస్తుంది. భర్త దానికి వెనుకాడటానికి అహంకారం ఒక్కటే కారణం కాదు. ఫలితం ప్రతికూలంగా వస్తే అతనికి మిగిలేది తిట్టు మాత్రమే. “కౌంట్ తక్కువుంది” అనే మిశ్రమ ప్రయోగం ఇటీవల వ్యాప్తిలోకి రావడానికి ఇదే హేతువు కావచ్చు. తెలుగు ఇవ్వని మర్యాదను ఆంగ్లపదం ఇచ్చింది.

ఇతిహాసాలు పురుషుని వైపు కారణాన్ని దాచలేదు. ఆదిపర్వ కథలో విచిత్రవీర్యుడు సంతానం లేకుండా మరణిస్తాడు, పాండురాజు శాపగ్రస్తుడవుతాడు. వంశం నిలవడానికి నియోగం, దేవతల వరం ఆధారమవుతాయి. రామాయణంలో ముగ్గురు రాణులకూ సంతానం లేనప్పుడు యజమానిగా పుత్రకామేష్టి చేసినవాడు దశరథుడే. ఈ కథలను తరతరాలుగా విన్న సమాజం నిందను మాత్రం స్త్రీకే కేటాయించింది.

4. విత్తనం, నేల:

ఈ కేటాయింపు వెనుక ఉన్నది బీజక్షేత్ర భావన. పురుషుడు బీజదాత, స్త్రీ క్షేత్రం అన్న ధర్మశాస్త్ర రూపకాన్ని సామాజిక మానవశాస్త్రవేత్త లీలా దూబే 1986లో ప్రచురించిన వ్యాసంలో విశ్లేషించారు. పంటపై హక్కు విత్తనం వేసినవాడిదన్న వాదనకు ఆ రూపకం ఎలా ఆధారమవుతుందో ఆమె చూపారు. ఇక్కడ గమనించవలసిన మరో అంశం ఉంది. పంట రానప్పుడు బాధ్యత ఎవరిది?

గుంటూరు, ప్రకాశం మైదానాల్లోని రైతుకు ఈ ప్రశ్నకు జవాబు తెలుసు. పత్తి గానీ మిర్చి గానీ మొలవకపోతే అతను మొదట విత్తనాన్నే అనుమానిస్తాడు. సంచిని, బిల్లును దాచిపెడతాడు, నకిలీ విత్తనమని ఫిర్యాదు చేస్తాడు. 1966 నాటి విత్తన చట్టం కింద విత్తనాలకు కనీస మొలకశాతం నిర్దేశించారు. నేలను తప్పుపట్టేముందు విత్తనాన్ని పరీక్షించడం సేద్యంలో ఇంగితజ్ఞానం. అదే రైతు ఇంట్లో పిల్లలు కలగనప్పుడు మొదట అనుమానించేది నేలను. రూపకం సేద్యం నుంచి వచ్చింది కాని, సేద్యంలోని న్యాయం దానితో రాలేదు.

5. చికిత్సాక్రమం, దాని భారం:

ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం గర్భనిరోధకాలు లేకుండా పన్నెండు నెలలు క్రమంగా ప్రయత్నించినా గర్భం రాకపోవడం సంతానలేమి. అది స్త్రీ లేదా పురుష ప్రజనన వ్యవస్థకు చెందిన వ్యాధి. ప్రపంచంలో ప్రతి ఆరుగురు వయోజనుల్లో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీన్ని ఎదుర్కొంటున్నారని ఆ సంస్థ 2023లో అంచనా వేసింది. సుమారు సగం జంటల్లో పురుష కారణం ఒంటరిగానో స్త్రీ కారణంతో కలిసో ఉంటుంది. అందుకే ఇద్దరినీ ఒకేసారి పరీక్షించాలని వైద్యం చెబుతుంది.

శుక్రపరీక్ష సులభమైనది, సూది గుచ్చనవసరం లేనిది. రెండు నుంచి ఏడు రోజుల విరామం తరువాత నమూనా ఇస్తే సరిపోతుంది. శుక్రకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది కనుక దిద్దుబాటు ఫలితం తెలియడానికి సుమారు మూడు నెలలు కావాలి. ఈ పరీక్ష ఏడాది ఆలస్యమైతే ఆ ఏడాదీ భార్య వయసులోంచి పోతుంది. అండాల సంఖ్య, నాణ్యత ముప్పై అయిదేళ్ల తరువాత వేగంగా తగ్గుతాయి. పోయిన కాలాన్ని ఏ మందూ తిరిగి ఇవ్వదు.

స్త్రీ వైపు చికిత్స దీర్ఘమైనది. తొలిదశలో అండం పెరుగుదలను రోజు విడిచి రోజు స్కాన్‌తో చూస్తారు. చీమకుర్తి నుంచి వెళ్లే కూలి కుటుంబానికి ఒక్కో స్కాన్ అంటే బస్సు ఛార్జీ, పోయిన ఒక రోజు కూలి. ఐ.వి.ఎఫ్.లో పది పన్నెండు రోజులపాటు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు. చివరి ఇంజెక్షన్ ఇచ్చిన సుమారు 36 గంటలకు మత్తులో అండాలను సేకరిస్తారు. ప్రయోగశాలలో ఫలదీకరణ చేసి, మూడో రోజో అయిదో రోజో పిండాన్ని గర్భాశయంలోకి పంపుతారు. ఆ తరువాత రెండు వారాల నిరీక్షణ, చివర రక్తపరీక్ష. 1992లో వెలుగులోకి వచ్చిన ఇక్సీ పద్ధతిలో ఒక్క శుక్రకణాన్ని నేరుగా అండంలోకి చొప్పిస్తారు. ఇది పురుష లోపానికి పరిష్కారమే అయినా, ఇంజెక్షన్లు, మత్తు, అండసేకరణ అన్నీ స్త్రీ శరీరంపైనే జరుగుతాయి. కారణం భర్తదైనా ఆస్పత్రికి తిరిగేది భార్య కావడంతో చూసేవారికి రోగి ఆమేనన్న భావం బలపడుతుంది. ఫలితం రానప్పుడు వినిపించే “ఆమెకు ఫెయిలైంది” అన్న మాట పాత గొడ్రాలుకు కొత్త రూపం.

పురుషుల మధ్య మాట ఉంటే ఏమవుతుందో 1977లో కాలిఫోర్నియాలో బయటపడింది. అక్కడి పురుగుమందుల కర్మాగారంలో పనిచేసే కార్మికులు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని పరస్పరం మాట్లాడుకున్నారు, పరీక్షలు కోరారు. డి.బి.సి.పి. అనే రసాయనం శుక్రకణాలను నాశనం చేస్తోందని అలా తేలింది. వృషణాల ఉష్ణోగ్రత శరీర ఉష్ణోగ్రత కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువగా ఉండాలి. దీర్ఘకాలం అధిక వేడిలో చేసే పని కూడా శుక్రకణాల ఉత్పత్తిని తగ్గించవచ్చు. ఎండలో క్వారీ పని, పొలంలో మందు పిచికారి జీవనాధారమైన ప్రాంతంలో భర్త వృత్తిని గురించిన ప్రశ్న చికిత్సలో మొదటి ప్రశ్నల్లో ఒకటి కావాలి. అతను పరీక్షకే రాకపోతే ఆ ప్రశ్న అడిగే అవకాశమే ఉండదు.

6. ‘సాఫల్యం’ అనే మాట, చట్టం:

వైద్యరంగం ఇచ్చిన కొత్త మాటల్లో ప్రధానమైనది ‘సంతాన సాఫల్య కేంద్రం’. గొడ్రాలుతో పోలిస్తే ఇది గౌరవప్రదమైనదే. అయితే ఇది చికిత్సకు దాని ఫలితం పేరే పెట్టింది. ప్రతి ప్రయత్నమూ ఫలించదన్న వాస్తవానికి ఈ పేరులో చోటు లేదు. అప్పు తెచ్చి వచ్చిన దంపతులు కొంటున్నది ఒక అవకాశాన్ని. బోర్డు చెబుతున్నది సాఫల్యాన్ని.

2019 సెప్టెంబరు 5న గుంటూరులో 74 ఏళ్ల వృద్ధురాలు ఐ.వి.ఎఫ్. ద్వారా కవలలకు జన్మనిచ్చిన వార్త ప్రపంచమంతా వ్యాపించింది. పెళ్లయిన అర్ధశతాబ్దానికి పైగా పిల్లలు లేరన్న మాట పడ్డానని ఆమె విలేకరులకు చెప్పింది. ఆ వయసులో అంతటి ప్రమాదానికి ఒక స్త్రీని సిద్ధపరచగల శక్తి ఒక మాటకు ఉందన్నది ఆ ఉదంతంలో గుర్తించవలసిన విషయం. 2021లో పార్లమెంటు ఆమోదించి, 2022 జనవరి 25న అమలులోకి వచ్చిన సహాయక ప్రజనన సాంకేతిక చట్టం ఈ చికిత్సకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్ల వయఃపరిమితి విధించింది.

ఈ చట్టంలో తెలుగు అధ్యయనానికి ఉపకరించే అంశాలు రెండు. మొదటిది, సంతానలేమిని నిర్వచిస్తూ అది గర్భధారణకు అడ్డుపడే వైద్యస్థితిని ‘జంట’కు చెందినదిగా పేర్కొంది. వ్యవహారభాష ఇంకా చేరని చోటికి చట్టభాష చేరింది. రెండవది, విజయావకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు, ప్రమాదాలు వివరించి, రాతపూర్వక సమ్మతి తీసుకోవాలని ఆదేశించింది. ఆ సమ్మతి అర్థవంతం కావాలంటే సంతకం చేసేవారికి పత్రంలోని మాటలు అర్థం కావాలి. పిండాలను శీతలీకరించడం, దాత అండం, బహుళగర్భం వంటి భావనలకు స్పష్టమైన తెలుగు లేకపోతే సంతకం మిగులుతుంది, సమ్మతి మిగలదు.

7. ముగింపు:

పై పరిశీలన నుంచి మూడు సూచనలు చేయవచ్చు. ‘సంతానలేమి’ని వ్యక్తికి కాక జంటకు చెందిన స్థితిగా పాఠ్యగ్రంథాల్లో, పత్రికల్లో స్థిరపరచాలి. ‘శుక్రకణాల లోపం’, ‘లైంగిక అశక్తత’ వేర్వేరని ప్రతి సందర్భంలోనూ స్పష్టం చేయాలి. తెలుగు శాఖలు వైద్యుల సహకారంతో సమ్మతిపత్రాలకు సులభమైన పదకోశాన్ని సిద్ధం చేయాలి. ‘గొడ్రాలు’ నిఘంటువులో ఉండవలసిందే, అది భాషాచరిత్రలో భాగం. కాని చీమకుర్తి నుంచి ఒంగోలుకు వెళ్లే బస్సులో భార్య ఒక్కతే కాక భర్త కూడా పరీక్షకే కూర్చోవాలంటే, ఫలితం ఏదైనా తలవంచుకోకుండా చెప్పుకోగల ఒక తెలుగు మాట అతనికి కావాలి.